చూరు ఎంత రావాలి? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కప్పులపై సమీక్ష

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఇల్లు కట్టేవాళ్ళు చేతిలో డబ్బు తగ్గిందనుకోగానే ముందు కోసేది చూరునే. గోడ మందం తగ్గించరు, తలుపు చెక్క తగ్గించరు. కప్పు అంచు మాత్రం గోడ దాటి జానెడు వస్తే చాలంటారు. "మనకేం వానలున్నాయి?" అన్నది దీనికి కారణంగా చెప్పేమాట. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కాబట్టి ఆ మాట సబబుగానే తోస్తుంది.

కానీ గోడను నానబెట్టేది ఏడాది సగటు కాదు, ఒక్క పూట కొట్టిన జడివాన. మన దగ్గర వాన పడే రోజులు తక్కువ, పడిన రోజున కుమ్మరిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో, ఈదురుగాలితో వచ్చేది ఒకటి. నైరుతి వానలు వచ్చినా రాకపోయినా సెప్టెంబరులో గట్టిగా పట్టేది ఇంకొకటి. ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల్లో, తుపాను వాయుగుండంగా మారి లోపలికి జరిగినప్పుడు రోజుల తరబడి పట్టే ముసురు మూడోది. 2021 నవంబరులో చిత్రావతి, పెన్న పొంగిన వానలు అలాంటివే. ఇక మిగిలిన నెలలన్నీ ఎండ. వానను ఆపడం, ఎండను ఆపడం, మన చూరుకు ఈ రెండు పనులూ ఉన్నాయి. వీటిలో ఏదీ చిన్నది కాదు.

ఈ వ్యాసంలో రెండు వాలుల కప్పు గురించే ప్రధానంగా మాట్లాడుకుందాం. మధ్యలో వెన్నుదూలం, అటూ ఇటూ దిగే రెండు వాలులు, రెండు చివరల ముక్కోణంగా లేచిన గోడలు. పెంకుటిల్లయినా, రేకుల షెడ్డయినా, బోద కొట్టమైనా ఆకారం ఇదే. నా అభిప్రాయం ముందే చెబుతాను. చూరు కొలత కప్పును చూసి తేల్చేది కాదు. కింద ఉన్న గోడను, ఆ గోడ చూసే దిక్కును బట్టి తేల్చాలి. ఆ లెక్కన మనం బాగా అన్యాయం చేస్తున్నది ముక్కోణపు గోడలకు.

ముందు పాతవాటిని చూద్దాం. ఒకప్పుడు ఈ సీమలో ఎక్కువ మంది ఉన్నది మట్టి మిద్దెల్లో. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకు, పైన చవుడు. కలప తక్కువ, రాయి ఎక్కువ, వాన తక్కువ అయిన చోట ఇది తెలివైన కట్టడం. చదునైన కప్పు మీద వేరుశనగ, మిరపకాయ ఎండేసుకోవచ్చు, ఎండాకాలం పడుకోవచ్చు. అయితే మిద్దె కట్టినవాళ్ళు కూడా అంచును వదిలేయలేదు. గోడ తల మీద బండలు బయటికి పొడుచుకొచ్చేలా పరిచి, వాటి మీద మట్టి మెత్తి, నీళ్ళు దోనెల గుండా గోడకు దూరంగా పడేలా చేశారు. వాలు లేని కప్పుకు కూడా చూరు ఉందన్నమాట. తర్వాత వచ్చిన సిమెంటు స్లాబు పిట్టగోడలో ఆ బండ అంచు పోయింది. కిటికీల మీద సజ్జాలు మిగిలాయి. కిటికీకి కిటికీకి మధ్య ఉన్న గోడ మాత్రం తడుస్తూనే ఉంటుంది, నాలుగైదేళ్ళకు సున్నం పొరలు పొరలుగా రాలుతుంది.

పేదవాళ్ళకూ, పశువులకూ ఉన్నది బోద కొట్టం. దాని వాలు నిటారుగా ఉండాలి, 45 డిగ్రీలకు తగ్గితే గడ్డిలో నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది. అంత వాలు ఉన్న కప్పును బయటికి చాచితే చూరు నడుము దాకా దిగుతుంది. కొట్టంలోకి వంగి దూరాల్సి వచ్చేది అందుకే. ఆ కిందికి దిగిన చూరే మట్టిగోడను కాపాడింది. కొడవలి, చీపురు, గొడుగు దోపుకునే చోటు కూడా అదే.

హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో (1529–42) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం చూడటానికి వచ్చేవాళ్ళ కళ్ళు వేలాడే స్తంభం మీద, కప్పు కింది చిత్రాల మీద ఉంటాయి. మండపం బయట నిలబడి ఒక్కసారి కప్పు అంచును చూడండి. రాయి బయటికి వచ్చి, కిందికి వంగి ఉంటుంది. శిల్పశాస్త్రంలో కపోతం అనేది ఇదే. విజయనగర మండపాల్లో ఈ అంచు ఎంత ముఖ్యమో హంపి విఠలాలయంలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ రాతి చూరు కింది భాగాన కర్ర వాసాల్లా పట్టీలు చెక్కారు. కర్ర కట్టడంలో నేర్చుకున్న పనిని రాతిలోకి తెచ్చారని దాన్నిబట్టి తెలుస్తుంది.

అంత బరువున్న రాయి గాలిలో ఎలా నిలిచింది? బయటికి వచ్చిన ముక్కకు వెనుక ముక్క లోపల దూలం మీద కూర్చుని ఉంటుంది, దాని మీద కప్పు బండల బరువు పడుతుంది. లోపలి బరువు బయటి బరువును లేవనీయదు, ఒరగనీయదు. ఐదువందల ఏళ్ళ తర్వాత రేకుల షెడ్డు వేస్తున్నా ఈ సూత్రం మారలేదు. చూరుకు బయట ఒక పాలు వస్తే, అదే కర్ర లోపల కనీసం రెండు పాళ్ళు ఉండాలి. వాలు వెంట దిగే వాసానికి ఇది సహజంగానే కుదురుతుంది, ఎందుకంటే అది వెన్ను దాకా ఉంటుంది. ముక్కోణపు గోడ దగ్గర కుదరదు. ఆ సంగతి కాసేపట్లో.

పెంకు కథ వేరు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో యంత్రంతో పెంకులు చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు కుమ్మరి చేతి గూన పెంకులే. మంగళూరు పెంకుకు గాడి, నాలుక ఉంటాయి; ఒకదానిలో ఒకటి కూర్చుంటుంది, తక్కువ కర్ర పడుతుంది. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండటంతో మడకశిర, హిందూపురం వైపు ఇవి బాగా పరిచయం. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్ళే రైలు మార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురాల మీదుగానే పోతుంది. రైల్వే గూడ్స్ షెడ్లలో కప్పును గోడ దాటి బాగా చాచి, బండ్లు ఆ చూరు కింద నిలిచి వానలోనూ సరుకు దించుకునేలా కడతారు. వెడల్పు చూరు వల్ల లాభమేమిటో కళ్ళకు కట్టే ఉదాహరణ అది.

పెంకు కప్పు లెక్కలు చూద్దాం. వాలు కనీసం రెండడుగులకు ఒక అడుగు ఉండాలి, అంటే సుమారు 26 డిగ్రీలు. తగ్గితే గాలి నీళ్ళను పెంకుల సందులోంచి పైకి తోస్తుంది. ఈ వాలు మీద చూరు ప్రతి రెండడుగులకూ ఒక అడుగు కిందికి దిగుతుంది. గోడ తల ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటే రెండడుగుల చూరు అంచు ఏడడుగుల దగ్గర ఉంటుంది. మూడడుగులు చాచితే ఆరున్నర, పొడుగు మనిషికి నుదురు తగులుతుంది. వాలు, చాపు, గోడ ఎత్తు ఈ మూడూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి. ఇంకా బయటికి రావాలంటే గోడ ఎత్తు పెంచాలి, లేదా వాసం చివర చిన్న ముక్క అతికి ఆ కొస వరకు వాలు తగ్గించాలి. పాత పెంకుటిళ్ళ కప్పు కింది అంచు కొద్దిగా పైకి లేచినట్టు కనిపించేది ఈ ముక్క వల్లే. అందానికే అనుకుంటాం కానీ, నీటిని గోడకు దూరంగా విసిరేది అదే.

పెంకు వేసే వడ్రంగిని చూస్తే మొదటి వరుస దగ్గరే అతని పనితనం తెలుస్తుంది. పైవరుస పెంకు కింది పెంకు మీద కూర్చుంటుంది. అడుగు వరుసకు కింద పెంకు లేదు. కాబట్టి చివరి పట్టీని మిగతావాటికంటే ఒక పెంకు మందం ఎత్తుగా కొట్టాలి. కొట్టకపోతే ఆ వరుస ముందుకు వాలి, పైవరుసతో సందు వదులుతుంది. గాలివాన ముందు దూరేది అక్కడే. చివరి పెంకు అంచు పలకను దాటి రెండు మూడు అంగుళాలు బయటికి రావాలి, లేకపోతే నీళ్ళు పలక వెంట వెనక్కి జారి వాసం కొసను తడుపుతాయి. వాసంలో మొదట చీకేది ఆ కోసిన కొసే. వేపైనా, తుమ్మైనా, నీలగిరైనా కొస మొహానికి తారో రంగో దట్టంగా పట్టించాలి. రెండు మూలల మధ్య దారం లాగి ఆ దారానికి మొదటి వరుసను సరిచేశాకే పైకి పోయే మేస్త్రి దొరికితే వదులుకోకండి.

ఇప్పుడు ఎండ. మన మూడు ఊళ్ళూ 13.8 నుంచి 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మధ్య ఉన్నాయి. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు మధ్యలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద రెండడుగుల చూరు నీడ అంచు నుంచి రెండున్నర అడుగులు దిగుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల మధ్యాహ్నం ఏడడుగులు దాటి దాదాపు గోడంతా కప్పుతుంది. ఉత్తరపు గోడకు జూన్‌లో కూడా అదే రెండడుగులు ధారాళంగా చాలు. అంటే ఉత్తర దక్షిణాలకు మన దగ్గర చూరు పనిచేస్తుంది, బాగా పనిచేస్తుంది.

పడమరకు చేయదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 37 డిగ్రీల ఎత్తున, దాదాపు నేరుగా పడమట ఉంటాడు. రెండడుగుల చూరు నీడ అడుగున్నర. ఐదింటికి పది అంగుళాలు. పడమటి గోడ మీద చూరుతో ఎండను ఆపాలనుకోవడం వృథా. అక్కడ కావాల్సింది వసారా, లేదా చెట్టు, లేదా కిటికీ లేని గోడ.

దీనినుంచే ఇల్లు ఎటు తిప్పాలో తేలుతుంది. వెన్నుదూలం తూర్పు పడమరలుగా ఉంచితే, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి, చూరు నీడ వాటికి దక్కుతుంది. చిన్నవైన ముక్కోణపు గోడలు తూర్పు పడమరలను చూస్తాయి. పట్టుపురుగుల షెడ్డును తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టమని సెరికల్చర్ వాళ్ళు చెప్పేదీ ఇదే లెక్కతో. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఎండ ఎక్కువ తగిలేది, నైరుతి గాలివాన మొహాన కొట్టేది పడమటి ముక్కోణపు గోడకే. చూరు బొత్తిగా లేనిది కూడా దానికే.

ఎందుకు లేదంటే, అక్కడ కప్పును చాచడం కష్టం. వాసాలు గోడకు సమాంతరంగా ఉంటాయి కాబట్టి బయటికి ఏ కర్రా రాదు. పెంకు పట్టీలనే గోడ దాటి కొంచెం పొడిపించి, వాటి మీద ఒక పెంకు వేసి, సందు సిమెంటుతో మూసేస్తారు. నాలుగు అంగుళాలు రావచ్చు. అడుగు, అడుగున్నర కావాలంటే గోడ దాటి వచ్చే అడ్డకర్రలను లోపల రెండో వాసం దాకా పోనిచ్చి దానికి కట్టాలి. బయట ఒక వాసం, దానికి గాలి పలక. లేపాక్షి రాతి లెక్కే ఇక్కడా. ఖర్చు నాలుగు కర్రలు, ఒక రోజు పని. ఇంతకు మించి చాచకూడదు, గాలి ఊరుకోదు. మిగిలిన గోడకు వేరే ఉపాయం ఉంది. ముక్కోణం మొదలయ్యే మట్టాన, గోడ పొడవునా, బండలు ఆరేడు అంగుళాలు బయటికి వచ్చేలా, కొంచెం కిందికి వాలుగా పరవాలి. పైన కొట్టిన వాన నీళ్ళు ఆ బండ మీద నుంచి విడిగా రాలిపోతాయి, కింది గోడ మీదుగా కారవు. బండలకు మనకు కొదవ లేదు. ఇంకా మేలైనది పడమటి ముక్కోణానికి ఆనించి ఒక పంచ దించడం. కట్టెలకు, సైకిలుకు, మేకలకు చోటు, గోడకు నీడ.

గాలి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చూరు పెంచమని చెప్పేవాళ్ళు దీన్ని దాటేస్తారు. భారత ప్రమాణాల్లో బెంగళూరుకు గాలి వేగం సెకనుకు 33 మీటర్లు, కర్నూలుకు 39. తక్కువదైన 33 తీసుకున్నా చదరపు మీటరుకు సుమారు 65 కిలోల ఒత్తిడి. మంగళూరు పెంకు కప్పు బరువు చదరపు మీటరుకు 40 కిలోలు అటూ ఇటుగా ఉంటుంది. సిమెంటు రేకు 15 లోపు. ఇనుప రేకు ఐదు కిలోలు. పైగా చూరు దగ్గర గాలి గోడను తాకి పైకి తిరిగి కింది నుంచి తోస్తుంది, కప్పు మీద నుంచి పోయే గాలి పైకి లాగుతుంది. రెండూ ఒకే దిక్కుకు. మే నెల గాలివానలో రేకులు ఎగిరి పక్క చేనులో పడటం మనకు కొత్త కాదు, ముందుగా లేచేది చూరు రేకే. దాన్ని పట్టుకుని మిగతావి లేస్తాయి.

కాబట్టి రేకుల కప్పుకు చూరు వరుసలో బోల్టులు మిగతా చోట్ల కంటే దగ్గరగా పడాలి. బోల్టు రేకు గట్టు మీద పడాలి, పల్లంలో కాదు. కింద తారు వాషరు ఉండాలి. చివరి పైపును దాటి రేకు అడుగు కంటే ఎక్కువ వేలాడితే, కింద ఇంకో ఆధారం కావాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, కప్పు మొత్తాన్ని గోడకు కట్టడం. రేకు పైపుకు బిగించారు, పైపు వాసానికి బిగించారు, వాసం మాత్రం గోడ మీద ఊరికే కూర్చుంది. రేకుల మీద రాళ్ళు పెట్టే అలవాటు ఇందుకే వచ్చింది. ఆ రాళ్ళు గాలికి దొర్లి కింద ఉన్నవాళ్ళ మీద పడతాయి. రాయికి బదులు గోడ కట్టేటప్పుడే రెండు మూడడుగుల లోతు నుంచి ఇనుప కడ్డీ లేపి వాసానికి చుట్టడం సరైన పని. ఆస్‌బెస్టాస్ రేకును చూరు కోసం రంపంతో కోయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం.

ధర్మవరంలో చూరు సంగతి కడుపు కూటితో ముడిపడి ఉంది. పట్టుచీర నేసే గుంట మగ్గంలో నేతగాడి కాళ్ళు, తొక్కుడు కర్రలు గుంటలో ఉంటాయి. వాన పట్టినప్పుడు గుంటలో చెమ్మ చేరుతుంది, ముసురు ఎక్కువైతే నీళ్ళే ఊరతాయి. మగ్గం ఆగిపోతుంది. చెమ్మకు పట్టుపోగు బిగువు మారుతుంది, నేసినంత మేరా తేడా కనిపిస్తుంది. గుంటలో నీళ్ళకు భూగర్భజలం కొంత కారణం, వీధి కాలువ కొంత కారణం. ఇంటి చూరు నీళ్ళు కూడా కారణమే, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. లెక్క వేద్దాం: ఒక వైపు వాలు అడ్డంగా 12 అడుగులు, పొడవు 30 అడుగులు అనుకుందాం. ఒక్క పూటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క చూరు నుంచి దిగే నీళ్ళు సుమారు 1,670 లీటర్లు. అడుగు పొడవుకు 55 లీటర్లు. చూరు జానెడే ఉంటే అవన్నీ గోడ మొదట్లో పడి, పునాది పక్కన ఇంకి, నాలుగడుగుల అవతల ఉన్న మగ్గం గుంటను వెతుక్కుంటూ పోతాయి.

మగ్గం ఇంటికి ఇంకో ఇబ్బంది, మగ్గం మీద జకార్డు (చీర మీద బొమ్మలు నేసే పరికరం) ఉంటుంది కాబట్టి కప్పు ఎత్తుగా ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ అదే చూరు తక్కువ గోడను కాపాడుతుంది. గాలివాన 45 డిగ్రీల్లో కొడితే రెండడుగుల చూరు రెండడుగుల గోడనే కాస్తుంది. అందుకని ఎత్తైన మగ్గం ఇంటికి ఒకే పెద్ద చూరు కంటే రెండంచెలు మేలు: పైన కప్పు చూరు రెండడుగులు, కింద ఏడెనిమిది అడుగుల ఎత్తున గోడకు ఇంకో వాలు పంచ. నీళ్ళు పడే చోట రెండడుగుల వెడల్పున బయటికి వాలు ఉన్న బండల గచ్చు, దాని పక్కన సన్న కాలువ. మొదటి మూడడుగుల గోడ రాతిదై ఉండాలి, ఎందుకంటే చూరు నీళ్ళు నేల తాకి ఎగిరి గోడ మీద చిమ్ముతాయి. అరుగున్న ఇంట్లో చూరు అంచు అరుగు దాటి రావాలి. అరుగు మీద పడే చూరు నీళ్ళు రెట్టింపు చెరుపు చేస్తాయి.

హిందూపురం వైపు రైతుకు ఈ లెక్క పట్టుపురుగుతో ముడిపడింది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్, కిరికెరలోని సెరికల్చర్ పరిశోధన సంస్థ ఈ పంట ఎంత లోతుగా పాతుకుందో చెబుతాయి. ముదురు దశ పురుగుకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ కావాలి. మన మే నెలలో ఇనుప రేకు కింద అది అసాధ్యం. రేకు మీద బోదో కొబ్బరి మట్టలో కప్పడం, చుట్టూ వసారా దించడం, వెన్ను దగ్గరా చూరు దగ్గరా గాలికి దారి వదలడం రైతులు చేస్తున్నదే. చూరు కింద వదిలిన సందు ఎంతో మేలు చేస్తుంది. వేడిగాలి వెన్ను దగ్గర బయటికి పోతే, చల్లగాలి చూరు నీడలోంచి లోపలికి వస్తుంది. కానీ ఆ సందులోంచే ఊజీ ఈగ కూడా వస్తుంది. పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పంటను చంపేది అదే. కాబట్టి చూరు సందుకు నైలాన్ వల తప్పనిసరి. వల గోడకూ వాసానికీ మధ్య బిగుతుగా, ఒక్క రంధ్రం లేకుండా ఉండాలి. పెంకుటింట్లో ఈ మూసే పని చాలా కష్టం, ప్రతి పెంకు వంపు కిందా సందు ఉంటుంది. షెడ్డుకు రేకును ఎంచుకోవడంలో రైతు తప్పు లేదంటాను.

ఈమధ్య పట్టణాల్లో కేరళ పద్ధతి ఇళ్ళంటూ వాలుగా స్లాబు పోసి మీద పెంకు అతికిస్తున్నారు. కేరళలో చూరు అంత కిందికి రావడానికి కారణం అక్కడి మూడు వేల మిల్లీమీటర్ల వాన. మనం రూపం తెచ్చుకుని, చాపు మాత్రం అడుగుకు కోశాం. సిమెంటు కింద గాలి ఆడదు, పెంకు వేడి దించదు. ఆ డబ్బుతో ఒక పడమటి వసారా వచ్చేది.

చోటు లేదనేది మాత్రం నిజమైన అభ్యంతరం. 2020లో పేదలకిచ్చిన స్థలాలు పట్టణంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. ఒక సెంటు 435 చదరపు అడుగులు. 18కి 24 స్థలంలో నాలుగు వైపులా రెండడుగుల చూరు వదిలితే లోపల మిగిలేది 14కి 20, అంటే 280. మూడో వంతు పైగా పోతుంది. ఎవరినీ అలా వదలమని చెప్పలేం. వదలకుండా చాచితే చూరు నీళ్ళు పక్కింటి స్థలంలో పడతాయి, తగాదా. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం కింద 20 ఏళ్ళు అడ్డులేకుండా, బాహాటంగా అనుభవిస్తే అటువంటి హక్కు రావచ్చు, ఊళ్ళల్లో చూరు నీళ్ళ గొడవలు కోర్టుదాకా పోయేది అందుకే. కొత్త కాలనీల్లో ఇళ్ళను ఒకదానికొకటి ఆనించి వరుసగా కట్టి, రెండు వాలుల కప్పు ఒకటే వేసి, ముక్కోణపు గోడలను ఇళ్ళ మధ్య ఉమ్మడి గోడలుగా పెడితే సగం చిక్కు తీరుతుంది. అప్పుడు తడిసే ముక్కోణపు గోడలు వరుస మొదట ఒకటి, చివర ఒకటి. చూరు ముందు వీధి మీదికి, వెనుక పెరటి మీదికి మాత్రమే వస్తుంది. కాలనీ పటం గీసేటప్పుడు చేయాల్సిన పని ఇది. ఇల్లు కట్టుకునేవాడి చేతిలో లేదు.

ఇప్పటికే కట్టిన ఇళ్ళకు ముందుగా చేయదగ్గది పడమటి ముక్కోణపు గోడ పని. కప్పు ముట్టుకోనక్కర్లేదు. గోడలో మూడడుగులకొకటి ఇనుప బ్రాకెట్లు దించి, వాటి మీద రెండు మూడడుగుల వెడల్పున రేకో, పెంకో, బండో వాలుగా పరిచి, గోడకు తగిలే చోట ఒక గాడి కొట్టి సిమెంటు కూరాలి. గాడి లేకుండా పైపైన పూస్తే ఏడాదికే పగిలి, నీళ్ళన్నీ గోడ వెంటే దిగుతాయి. సెప్టెంబరు గట్టి వానలకు ముందు, మే గాలివానలు అయ్యాక, జూన్ మొదటి వారాల్లో ఈ పని పెట్టుకోవడం మంచిది. అప్పుడు సిమెంటు పూతను నాలుగైదు రోజులు తడిపి ఆరనివ్వడానికి వ్యవధి దొరుకుతుంది.